శుక్రవారం తాగని నీళ్లు

"శుక్రవారం మీరు నీళ్లు తాగిన్రా, అత్తమ్మా?"

అనుపమ గొంతు పెంచలేదు. డైనింగ్ టేబుల్ మీద చార్టు పరిచి, ఒక గడి మీద వేలు పెట్టి అడిగింది.

సువార్త పడక్కుర్చీలోంచి కళ్లజోడు సవరించుకుంది. "ఏ శుక్రవారం?"

"ఎన్ని శుక్రవారాలుంటయి? మొన్నటిది. మీ ఉపవాస ప్రార్థన రోజు."

"తాగలేదని నీకు తెలీదూ? గ్లాసు పట్టుకుని పొద్దుటి నుంచీ నా వెనకాలే తిరిగావుగా."

"తెల్సు. అందుకే అడుగుతున్న. పొద్దున ఎనిమిదింటి నుంచి రెండింటి దాంక ఆరు వందల ఎమ్మెల్ తాగినట్టు రాసిన్రు గిక్కడ. ఐదు వందల యాభై బయటికొచ్చినట్టు సుత రాసిన్రు."

సువార్త కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

ఆ శుక్రవారం కార్ఖానా ఏరియాలోని ఈ మేడమీద ఇంట్లో అయిన రభస చిన్నది కాదు. కరోనాతో ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, అందులో సగం రోజులు ఐసీయూలో గడిపి, ఊపిరితిత్తులు తేరుకుంటున్న వేళకి కిడ్నీలు అలిగి, ఎట్టకేలకు ఇల్లు చేరిన మనిషి. వయసు అరవై తొమ్మిది. అలాంటి మనిషి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటానంటే ఏ కోడలు ఊరుకుంటుంది? అనుపమ ఊరుకోలేదు. అయినా అత్తగారే గెలిచింది. చర్చి స్త్రీల సమాజం వాళ్లు ఫోన్లోనే ప్రార్థన పెట్టుకున్నారు. సాయంత్రం ఆరింటికి చివరి ఆమేన్ అయ్యాకే సువార్త గ్లాసు అందుకుంది. అంతదాకా ఆ గ్లాసు మూత పెట్టింది పెట్టినట్టే ఈ బల్ల మీద ఉంది.

"పొరపాటున రాసి ఉంటాను," అంది సువార్త. "వయసు మీద పడట్లేదూ?"

ఆ మాట ఆమె నోట వినడం అనుపమకు ఈ తొమ్మిదేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి. పాలవాడు ఒక ప్యాకెట్ తక్కువ వేసిన రోజు కూడా మర్చిపోని మనిషి ఆవిడ. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసింది, చివరి పన్నెండేళ్లు హెడ్ నర్సు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి తనే గీతలు గీసుకుంది. పగలు నీలం సిరా, రాత్రి ఎర్ర సిరా. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది. "నా చార్టు నేనే రాసుకుంటాను, నా బాత్రూమ్ గుమ్మం దగ్గర ఒకళ్లు కాపలా ఉండక్కర్లేదు," అంది. కిడ్నీల డాక్టరు బ్రహ్మచారి కూడా ఫోన్లో నవ్వి, "సిస్టర్ రాస్తే ఇంక నాకేం ఫికర్?" అన్నాడు.

రోజూ రాత్రి కొడుకు ఆశీష్ ఆ చార్టుని ఫొటో తీసి డాక్టరుకు పంపేవాడు. అంకెలు బాగున్నాయని ఆయన గురువారం చేయాల్సిన రక్తపరీక్షను సోమవారానికి జరిపాడు. ఇవాళ ఆదివారం.

"పొరపాటు కాదు అత్తమ్మా." అనుపమ కుర్చీ దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. "బాల్కనీల కరివేపాకు చెట్టు పండుబారుతున్నది. నీళ్లు ఎక్కువైతున్నయని ఆశీష్‌ని తిట్టిన. పాపం, ఆయన ఆ కుండీ దిక్కు చూడనే చూడడు. అది మీ కిటికీ పక్కనే ఉంటది."

"చెట్టుకి నీళ్లు పోయడం కూడా నేరమేనా?"

"మీరు తాగాల్సిన నీళ్లు పోసుడు నేరమే. కాళ్లు చూపియ్యున్రి."

"ఎందుకు?"

"చూపియ్యున్రి అంటున్న."

సువార్త కదల్లేదు. అనుపమే చీర అంచు జానెడు పైకి జరిపింది. చీలమండ కనపడట్లేదు. పాదం, పిక్క కలిసిపోయి ఒకటే అయ్యాయి. బొటనవేలితో ఎముక మీద నొక్కి పట్టి, తీసింది. గుంట పడింది.

కిందటేడు ఇదే హాల్లో, మామగారు హెన్రీ కాళ్ల దగ్గర కూర్చోబెట్టి, ఈ విద్య నేర్పింది సువార్తే. 'వేలు తీశాక గుంట ఎంతసేపటికి నిండుతుందో లెక్కపెట్టాలమ్మా.' అనుపమ మనసులో లెక్కపెట్టింది. పదిహేను దాకా వచ్చింది. గుంట అలాగే ఉంది.

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిదింటికి ఆశీష్ వస్తాడేమో, ఇడ్లీకి..."

"అత్తమ్మా. ఎప్పటి నుంచి?"

సువార్త కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "నా కింద ఆలిస్ అని ఒక పిల్ల ఉండేది. నైట్ డ్యూటీలో నిద్రకాగలేక, రాత్రి పదింటికే తెల్లారేదాకా చార్టులో రావలసిన అంకెలన్నీ వేసేసి పడుకుంది. నేను రౌండుకెళ్లి పట్టుకున్నాను. సస్పెండ్ చేయించాను. కాళ్ల మీద పడింది. పేషెంటుకేం కాలేదు కదా మేడమ్, అని ఒకటే ఏడుపు. నేను వినలేదు."

"మీరు గూడ ముందే రాసిపెడుతున్నరు."

"గురువారం రాత్రి రాశాను, మర్నాటికి. ఉపవాసం సంగతి గుర్తులేదు." ఆమె చిన్నగా నవ్వింది, నవ్వు నిలవలేదు. "దొంగతనం చేతకాని వాళ్లు చేస్తే ఇంతే."

"ఉపవాసం గూడ గిందుకేనా? నీళ్లు తాగకుండ ఉండనీకి?"

"ప్రార్థనని అందులోకి లాగకు." సువార్త గొంతు ఒక్కసారి గట్టిపడింది. తర్వాత తనే తగ్గింది. "రెండూను. తాగితే రాత్రి ఊపిరాడట్లేదు. పోయేచోటు లేదు నీళ్లకి."

అనుపమ చప్పున లేచి ఫోన్ అందుకుంది. సువార్త ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో హెడ్ నర్సు ఇంకా మిగిలే ఉంది.

"పదింటికి ఆరాధన. ఫోన్లోనే. అది అయ్యేదాకా ఆగు. ఆ తర్వాత ఆశీష్‌కి నేనే చెప్తాను. నువ్వు చెప్పొద్దు. నీ నోటితో వింటే వాడు నా మీద కోపం నీ మీద తీర్చుకుంటాడు. మాటివ్వు."

"మూడు గంటలు గిట్ల కూసోమంటరా నన్ను?"

"తొమ్మిదేళ్లలో నిన్నేమైనా అడిగానా?"

నిజమే, అడగలేదు. మొదటి మూడేళ్లు అసలు మాట్లాడితే కదా అడగడానికి! మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు పురుషోత్తం కూతురిని ఆశీష్ రిజిస్టర్ పెళ్లి చేసుకుని తీసుకొస్తే, సువార్త ఆ పిల్లని 'అనుపమగారూ' అని పిలిచింది. మూడేళ్లపాటు అదే పిలుపు. పొరుగువాళ్లు మర్యాద అనుకున్నారు. ఆ 'గారు' ఎంత గుచ్చుకునేదో అనుపమకే తెలుసు. నీహారిక పుట్టాక 'గారు' పోయింది. ఆ పాప ఇప్పుడు అమ్మమ్మగారింట్లో ఉంది, నాన్నమ్మ కోలుకునేదాకా.

"సరే," అంది అనుపమ. అన్నందుకు ఆ క్షణం నుంచే తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది.

*

ఆశీష్ మోండా మార్కెట్ నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. మెట్ల మీదే ఈల వినిపించింది. ఈల వేయడం ఈ ఇంట్లో పది నెలలుగా లేదు.

"అమ్మా! ఏం తెచ్చానో చూడు." రెండు మాస్కులూ గడ్డం కిందకి లాగి, చేతులకి శానిటైజర్ రాసుకుని, సంచీలోంచి కొబ్బరిబొండాలు తీశాడు. నాలుగు. "రాత్రే డాక్టర్‌గారిని అడిగాను. చార్టు ఇట్లానే ఉంటే అర గ్లాసు ఇవ్వొచ్చన్నారు. నీకు ఇష్టం కదా. ఆసుపత్రిలో ఎన్నిసార్లు అడిగావో!"

అనుపమ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

డిశ్చార్జి నాడు డాక్టర్ బ్రహ్మచారి రెండుసార్లు చెప్పిన విషయం అదొక్కటే. పొటాషియం. కిడ్నీలు పని చేయనప్పుడు అది ఒంట్లోంచి బయటికి పోదు, పోగుపడి గుండె మీద పడుతుంది. కొబ్బరినీళ్లు, అరటిపళ్లు, టమాటాలు దగ్గరికి రానీయొద్దు. అనుపమ ఆ లిస్టు ఫ్రిజ్ తలుపుకి అతికించింది. దాన్ని ఆశీషే నిన్న రాత్రి తీసేశాడు, ఇక అవసరం లేదని.

"ఇప్పుడెందుకురా," అంది సువార్త. "ఇడ్లీ తిన్నాక తాగుతానులే."

"ఇప్పుడే. నా ముందు." అతను బొండాం కొట్టించుకొచ్చిన చోట వేలితో తొలిచి గ్లాసులోకి వంచాడు. గట్టిగా అర గ్లాసు. చిన్నపిల్లాడిలా ముందుకు చాపాడు. "నాన్న ఉంటే నువ్వు తాగుతుంటే చూసేవారు."

ఆ మాటతో సువార్త ముఖం మారింది. చెయ్యి చాపి గ్లాసు తీసుకుంది.

"అత్తమ్మా," అంది అనుపమ.

"ఏంటి అనూ?"

"ఏం లే. ఇడ్లీ అయినంక తాగుతరేమో అని."

"నువ్వు కూడానా!" ఆశీష్ నవ్వాడు. "తాగమ్మా."

గ్లాసు పెదవుల దాకా వెళ్లింది. సువార్త గ్లాసు మీదుగా కోడల్ని చూసింది. మాటిచ్చావు, అన్నట్టు చూసింది.

అనుపమ మూడంగల్లో హాలు దాటింది. గ్లాసు లాక్కోవాలనే అనుకుంది. చెయ్యి తగిలి అది ఎగిరి గోడకు కొట్టుకుంది. కొబ్బరినీళ్లు సువార్త చీర మీదా, చార్టు మీదా, ఆశీష్ చొక్కా మీదా పడ్డాయి. స్టీలు గ్లాసు కాబట్టి పగల్లేదు. టీవీ బల్ల కిందకి దొర్లుతూ పోయింది.

దాన్ని తీయడానికి ఎవరూ వంగలేదు.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు ఆశీష్.

"కిడ్నీలు పని చేస్తలేవు. మీ అమ్మకు మూత్రం వస్తలేదు, ఆశీష్. చార్టు అంతా అబద్ధం. రాసిన అంకెలు అబద్ధం. గా నీళ్లు తాగితే పాణం పోతుండె."

"ఏం మాట్లాడుతున్నావ్?"

"కాళ్లు జూడు. ముఖం జూడు. మంచిగైతున్నదని ఈల కొట్టుకుంట వస్తివి, ముఖం ఎట్ల ఉబ్బిందో చూసినవా?"

ఆశీష్ తల్లి వైపు తిరిగాడు. ఆమె చీర మీది తడిని కొంగుతో ఒత్తుకుంటోంది, అదే ఇప్పుడు చేయాల్సిన పనన్నట్టు. అతను దగ్గరగా వచ్చి చూశాడు. రోజూ చూసే ముఖమే. రెప్పల కింద సంచులు ఇంత బరువుగా ఎప్పుడు దిగాయో అతనికి తెలియలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు భార్యని.

"గంట కింద."

"గంట! గంట నుంచి తెలిసి ఊరుకున్నావా? నాకు ఫోన్ చేయలేదా?"

"నేనే వద్దన్నాను," అంది సువార్త.

"నువ్వంటే? తనకి బుద్ధుండక్కర్లేదా?"

"తిట్టు," అంది అనుపమ. "నన్ను ఎంతన్న అను, తర్వాత. ముందు డాక్టర్‌కు చెయ్యి."

అతను అనుపమని ఏమీ అనలేదు. తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "కొబ్బరినీళ్లేం చేస్తాయో నీకు తెలీదా అమ్మా? నర్సువి. తెలిసి తాగబోయావా?"

"పెదవులు తడిపి పెట్టేద్దామనుకున్నాను. నువ్వంత సంతోషంగా తెచ్చావని."

నిజమే అయ్యుండొచ్చు. అబద్ధమూ అయ్యుండొచ్చు. ఆ క్షణంలో ఆమెకైనా తెలుసో లేదో. అనుపమ మాత్రం నమ్మలేదు.

*

"ఎందుకమ్మా?"

ఆశీష్ ఆ ప్రశ్న ఐదారుసార్లు అడిగాడు. ఒకసారి అరిచి, ఒకసారి బతిమాలి. సువార్త తడిసిన చార్టు వైపే చూస్తూ కూర్చుంది. అనుపమ ఫోన్ చేస్తూనే ఉంది, డాక్టరుగారి లైను బిజీగా ఉంది. ఆయన ఆసుపత్రిలో ఈ నెలంతా అదే వరస.

చివరికి సువార్త నోరు విప్పింది. "మీ నాన్నకి డయాలిసిస్ పెట్టిన రోజు నీకు గుర్తుందా?"

"ఉంది."

"ఏం గుర్తుంది?"

"నేను సంతకం చేశాను. నువ్వు చేయమన్నావు."

"తర్వాత ఏమైందో నీకు తెలీదు. నువ్వు కింద మందుల కోసం వెళ్లావు." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. రెండు మాటలకొకసారి ఆగవలసి వస్తోంది. "అక్కడి సిస్టర్ వీడియో కాల్ కలిపింది. అప్పుడు నాకూ పాజిటివ్ కదా, నేను ఇక్కడ, ఆ గదిలో ఉన్నాను. మీ నాన్న అన్నారు, సువార్తా, ఈ మెషీన్ వద్దు, నన్ను ఇంటికి తీసుకుపో. బళ్లో పిల్లలకి లెక్కలు చెప్పినంత నిమ్మళంగా అన్నారు. నేనేమన్నానో తెలుసా? రెండు గంటలే హెన్రీ, నేను బయటే కూర్చున్నాను, అన్నాను."

ఆశీష్ తల దించుకున్నాడు.

"తలుపు వైపు తల తిప్పి చూశారాయన. నేను బయట ఉన్నాననుకుని. మూడుసార్లు పెట్టారు ఆ మెషీన్. మూడుసార్లూ నేను బయట ఉన్నాననే అనుకుని ఉంటారు. నలభై రెండేళ్ల కాపురంలో ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నాకా మెషీన్ వద్దు. ఆ గది వద్దు. ఎవరూ నా దగ్గర అబద్ధమాడక్కర్లేదు. అందుకు నేనే అబద్ధమాడాను. చార్టు బాగుంటే ఎవరూ తీసుకెళ్లరు కదా."

"గందుకని మమ్మల్ని మోసం చేస్తరా?" అనుపమకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "మామయ్యను మీరు చంపిన్రా? జబ్బు చంపింది. మీరు గిప్పుడు ఇంట్ల కూసోని చస్తే, అది మాత్రం మా మీద పడ్తది. నీహారిక పెద్దగై అడుగుతది, నాన్నమ్మ ఎట్ల పోయిందని. ఏం చెప్పాలె? చార్టు మంచిగుండె బిడ్డా, అని చెప్పాలెనా?"

సువార్త తలెత్తి కోడల్ని చూసింది. ఆ మూడేళ్ల 'గారు' కాలంలో కూడా ఈ పిల్ల ఎదురు మాట్లాడి ఎరగదు.

అప్పుడు ఫోన్ మోగింది.

"చెప్పున్రి, ఏమైంది? ఆరు మిస్డ్ కాల్సున్నయి." డాక్టర్ బ్రహ్మచారి గొంతు అలసిపోయి ఉంది. అనుపమ స్పీకర్ నొక్కి అంతా చెప్పింది.

"సిస్టర్ ఉన్నరా పక్కన?"

"ఉన్నాను డాక్టర్‌గారూ."

"నేను మీ చార్టు చూసి బ్లడ్ టెస్ట్ వాయిదా వేసిన." అంతే అన్నాడు. తిట్టలేదు. సువార్త ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆలిస్ కాళ్ల మీద పడ్డ రోజు ఆ పిల్లకెలా ఉండి ఉంటుందో ఇవాళ తెలిసింది.

"వినున్రి. గీ వైరస్ దెబ్బ వయసులున్నోళ్ల కిడ్నీలకు తగిల్తే, చానామందికి రెండు మూడు వారాల్ల లేస్తయి. మీ వయసుకు కిడ్నీల బలం ముందే తగ్గి ఉంటది. లేవవని కాదు, టైమ్ పడ్తది. గంతదాంక మెషీన్ ఆ పని చేయాలె."

"ఎంత కాలం?"

"నేను చెప్పలేను. చెప్తే అబద్ధం అయితది."

ఆ మాటకి సువార్త చెయ్యి తీసి ఫోన్ వైపు చూసింది.

"ఒకటి మాత్రం నాకు అర్జెంటుగ కావాలె," అన్నాడాయన. "మూత్రం రోజు రోజుకి తగ్గుకుంట వచ్చిందా, టక్కున ఆగిందా? తగ్గుకుంట వస్తే ఒక లెక్క. టక్కున ఆగితే ఎక్కడన్న అడ్డం పడిందేమో వెతకాలె, దారి వేరే. అసలు అంకెలు ఎవరికన్న గుర్తున్నయా?"

ఆశీష్, అనుపమ ముఖాలు చూసుకున్నారు. చార్టు కొబ్బరినీళ్లలో తడిసి, నీలం సిరా ఎర్ర సిరాలోకి పాకింది. పొడిగా ఉన్నా పనికొచ్చేది కాదు.

"హెన్రీ పాటల పుస్తకం," అంది సువార్త మెల్లగా. "నా దిండు కింద."

అనుపమ పరుగెత్తింది. నల్ల అట్ట, అంచులు అరిగిన పుస్తకం. మామగారు సంఘంలో పాట ఎత్తేవారు. ఏ ఆదివారం ఏ పాటలు పాడాలో చివరి తెల్లపేజీల్లో నంబర్లు రాసుకునేవారు. ఆయన గుండ్రటి రాత కిందటేడు మార్చిలో ఆగిపోయింది, చర్చిలు మూసిన వారం. దాని కింద పెన్సిలుతో, సన్నగా, సువార్త రాత.

"చదువున్రి," అన్నాడు డాక్టరు.

"సోమవారం తొమ్మిది వందలు." అనుపమ ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివింది. "మంగళవారం ఏడు వందల ఇరవై. బుధవారం ఐదు వందలు. గురువారం మూడు వందల పది. శుక్రవారం నూట ఎనభై. నిన్న అరవై."

తల్లి ఒక్క పూట కూడా మానకుండా నిజం రాసుకుందని ఆశీష్‌కి అర్థమైంది. అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఇయాల?"

ఆదివారం అని రాసి ఉంది. పక్కన ఖాళీ.

"ఇయాలది రాయలేదేంది, అత్తమ్మా?"

"రాయడానికేం లేదమ్మా," అంది సువార్త. "నిన్న రాత్రి ఎనిమిదింటి నుంచి చుక్క లేదు."

"వెంటనే బయలుదేరున్రి," అన్నాడు డాక్టరు. "బెడ్ నేను చూస్తా. పదకొండు లోపల ఇక్కడ ఉండాలె."

*

చెప్పులు పట్టలేదు. అనుపమ హెన్రీ పాత తోలుచెప్పులు వెతికి తెచ్చి తొడిగింది. సువార్త తొడిగించుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆశీష్ ఆధార్ కార్డు, పాత రిపోర్టులు, దుప్పటి సర్దుకుని కారు తీయబోతుంటే, మెట్ల దగ్గర ఆగిపోయింది.

"వస్తాను. కానీ అక్కడ సంతకం నువ్వు చేయొద్దు. అనుపమ చేస్తుంది."

"అమ్మా, ఇప్పుడు ఇవా? నేను నీ కొడుకుని."

"అందుకే వద్దంటున్నాను. నువ్వు ఎన్నిసార్లయినా పెట్టమంటావు. ఆయనకి నేనూ అదే చేశాను. ఒక రోజు వస్తుంది, ఇక చాలు అనాల్సిన రోజు. నాకు నోరుండకపోవచ్చు. అప్పుడెవరో ఒకళ్లు అనాలి."

"అనూ అంటుందా? ఇందాక నీకు మాటిచ్చి గంటలో తప్పింది."

"తప్పింది." సువార్త కోడల్ని చూసింది. ఆ చూపులో ఇన్నేళ్లూ దాచుకున్న మెచ్చుకోలు ఉంది, దాచే ఓపిక ఇక లేదు. "తప్పాల్సిన చోటే తప్పింది. ఆపకూడని రోజున నేను ఆపమన్నా ఆపదు. ఆపాల్సిన రోజున నువ్వు ఏడ్చినా ఆపుతుంది. నాకలాంటి మనిషి కావాలి."

ఆశీష్ ఏదో అనబోయి, గడియారం చూసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. కోపంగా వెళ్లాడో ఏడుపు కనపడకుండా వెళ్లాడో అనుపమకి తెలియలేదు.

"నన్ను గిట్ల ఇరికియ్యకున్రి అత్తమ్మా," అంది. "నా చేత కాదు. మా నాన్న దుకాణంల గిన్నెకు సొట్ట పడితేనే నిద్ర పట్టని దాన్ని."

"పుస్తకం ఏది?"

పుస్తకం అనుపమ చంకలోనే ఉంది. సువార్త పెన్సిలు అందించింది.

"ఖాళీ వదలకూడదు. సున్నా అయినా రాయాలి. రాయి."

అనుపమ పుస్తకాన్ని గోడకు ఆనించింది. ఆదివారం పక్కన సున్నా చుట్టింది. అది కోడిగుడ్డులా వచ్చింది.

"టైమ్ వేశావా?"

"వేసిన. తొమ్మిది నలభై."

"ఎవరు రాస్తే వాళ్లు పక్కన సంతకం పెట్టాలి. డ్యూటీ అందుకున్నట్టు లెక్క." సువార్త గోడకు చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంది. "పెడితే దిగుతాను."

కింద ఆశీష్ హారన్ కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

అనుపమ పెన్సిలు మొన కాగితానికి తాకించి, అలాగే నిలబడింది.